జ్యోత్స్నను గుర్తుపెట్టుకున్న కుకీ

నేను ఒక కుకీని. పేరు వినగానే టీలో ముంచుకునే బిస్కెట్టు గుర్తొచ్చిందా? పరవాలేదు, అందరికీ అదే గుర్తొస్తుంది. మీరు ఒక వెబ్‌సైట్ తెరిస్తే, ఆ వెబ్‌సైట్ మీ కంప్యూటర్లో రాసి దాచుకునే చిన్న చీటీని నేను. నా ఒంటిమీద ఉన్నదల్లా ఒక పొడవాటి అంకె. అంతే కదా అని చప్పరించకండి. వెబ్‌సైట్లు చూడటానికి ఎంత గొప్పగా ఉన్నా వాటి మతిమరుపు చెప్పనలవి కాదు. ఒక పేజీలో మీ పేరూ ఊరూ అన్నీ చెప్పి పక్క పేజీకి వెళ్ళగానే ‘ఎవరు మీరు?’ అంటాయి. అప్పుడు నేను నా అంకె చూపించి ‘ఇందాక వచ్చిన మనిషే, లోపలికి రానివ్వండి’ అంటాను. నేను లేకపోతే మీరు పేజీ పేజీకీ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టుకోవాల్సిందే. ఈ సంగతి నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

మాలోనూ రకాలున్నాయి. మీరు ఒక్కసారి చీర బొమ్మ చూస్తే చాలు, వార్తలు చదువుతున్నా వంట నేర్చుకుంటున్నా వెంటబడి చీరలే చూపించే రకం ఒకటుంది. ప్రకటనల వాళ్ళు పంపిన గూఢచారులవి. వాటితో నన్ను ఒకే గాటన కడితే నాకు ఒళ్ళు మండుతుంది. నన్ను పంపిన వెబ్‌సైట్‌కి తప్ప మరెవరికీ నేను అంకె చూపించను. అయినా తప్పంతా వాటిదేనా? ‘మా కుకీలు కొన్నిటిని వద్దనవచ్చు’ అని తెరమీద ఇంత పలక పెడితే దాన్ని చదివిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

నేను పుట్టింది కడియంలో, నర్సరీల మధ్య ఉన్న ఒక నెట్ సెంటర్లో. దాని యజమాని వీరబ్రహ్మం గారు. యాభై దాటిన మనిషి. రోజూ కంప్యూటర్లకు బొట్టు పెట్టి, అగరుబత్తి తిప్పితే గాని స్విచ్చి వేయరు. అలాంటి పలక కనబడితే ఆయన ఒకటే మాట: “ఆయ్, అన్నీ ఒప్పేసుకుందామండీ, గొడవొదిలిపోద్ది!” అలా ఒప్పేసుకున్న కుకీలతో ఆ కంప్యూటరు తీర్థం జరిగే వీధిలా కిటకిటలాడుతూ ఉండేది. ఆ గుంపులోకి వచ్చిపడ్డాను నేను.

ఆ రోజు ఆయన ఎదురుగా కూర్చున్నది జ్యోత్స్న. నర్సరీలో అంట్లు కట్టే ఏడుకొండలు కూతురు. మామిడికి అంటు కట్టడం పదేళ్ళకే నేర్చింది. మొక్కలు పెంచడం మా ఇంట్లో అందరికీ వచ్చు, అవి ఎందుకు చస్తాయో చెప్పేవాళ్ళే లేరు, అది నేను చదువుతాను అని తండ్రితో పంతం పట్టింది. దానికి ఉద్యాన కాలేజీలో సీటు కావాలి. మంచి ర్యాంకే వచ్చింది. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అన్నది వరుసగా కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో పెట్టడమే మిగిలింది.

పాస్‌వర్డు వీరబ్రహ్మం గారే పెట్టారు. రోజుకు ముప్ఫై మంది పిల్లలకు రకరకాల వెబ్‌సైట్లలో పెట్టే మనిషి, ఎవరికి ఏది పెట్టారో ఆయనకే తెలియదు. ‘నన్ను గుర్తుంచుకో’ అన్న గడిలో టిక్కు కూడా ఆయనే కొట్టారు. ఆ టిక్కుతోనే నాకు ఆయుష్షు ముప్ఫై రోజులకు పెరిగింది. జ్యోత్స్న ఆరు కాలేజీలు పెట్టి, భద్రపరిచి, మూలనున్న ‘బయటకు’ అన్న లాగౌట్ మీట దగ్గరికి మౌసు తీసుకువెళ్ళింది. వీరబ్రహ్మం గారు గబుక్కున ఆమె చెయ్యి ఆపారు.

“అమ్మాయ్! సీటు కోసం వచ్చి ‘బయటకు’ అని నొక్కుతామేంటమ్మా? తప్పు! ఆ మాట శుభం కాదు. తెరమీద కిటికీ మూసేయ్, సరిపోద్ది.”

ఆయన తీరే అంత. కొట్టు నుంచి వెళ్ళేవాళ్ళను కూడా ‘పోతాను’ అననివ్వరు, ‘వెళ్ళొస్తాను’ అనిపించుకుంటారు. పిల్లల మంచి కోరే ఆయన ఎవరిచేతా ఆ మీట నొక్కనిచ్చేవారు కాదు. జ్యోత్స్న కిటికీ మూసి, వెళ్ళొస్తానండీ అని వెళ్ళిపోయింది. కిటికీ మూస్తే నేను పోతానా? గుట్టుగా నా మూల నేను కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆలమూరు నుంచి భాస్కర్రావు అనే ఆయన కూతురు సంయుక్తను వెంటబెట్టుకుని వచ్చారు. అదే కౌన్సెలింగ్, కాకపోతే ఆ అమ్మాయికి పశువైద్యం కావాలి. సాయంత్రం ఐదుకు గడువు ముగుస్తుంది. వీరబ్రహ్మం గారు వెబ్‌సైట్ తెరిచారు. వెబ్‌సైట్ యథాప్రకారం ఎవరు మీరని అడిగింది. నేను యథాప్రకారం నా అంకె చూపించాను. కుర్చీలో మనిషి మారిందని చెప్పడానికి నాకు నోరు లేదు. తలుపు తెరుచుకుంది, జ్యోత్స్న పేజీ వచ్చింది.

“చూశారాండీ, మన కొట్లో అడక్కుండానే తెరుచుకుద్ది!” అని ఆయన సంబరపడ్డారు. పైన మూలలో చిన్న అక్షరాలతో ఉన్న పేరు ఎవరూ చూడలేదు. అప్పటికే అక్కడున్న ఆరు కాలేజీలు చూసి, పాత ఏడాది చెత్త అనుకుని ఆయన ఒక్కొక్కటే తీసేశారు. సంయుక్త చెప్పినవి పెట్టి భద్రపరిచారు. నాకు అంతవరకూ ఉన్న గర్వమంతా ఆ ఒక్క క్షణంలో దిగిపోయింది. ఆ పిల్ల కోరికను చెరిపిన చేతులు ఆయనవి, తలుపు తీసింది మాత్రం నేనే.

ప్రింటు కాగితం చేతికి రాగానే సంయుక్త కనిపెట్టింది. “నాన్నా, ఇందులో జ్యోత్స్న అని ఉందేంటి?”

వీరబ్రహ్మం గారు కాగితం లాక్కుని పేరు చదివారు. వెంటనే జ్యోత్స్నకు ఫోన్ చేశారు. ఆ అమ్మాయి చేతుల మట్టి కూడా కడుక్కోకుండా సైకిలు తొక్కుకుంటూ వచ్చేసరికి నాలుగూ ఇరవై అయింది. ఈలోపు భాస్కర్రావు గారు ఊరుకోలేదు.

“ఇదేటండి ఇది? ఎవరి పేజీయో తెరిచి మా అమ్మాయివి పెట్టేశారా? ముందది తీసెయ్యండి, మాది తెరవండి!”

కంగారులో వీరబ్రహ్మం గారికి ఎవరో ఎప్పుడో చెప్పిన చిట్కా గుర్తొచ్చింది. బ్రౌజర్ సెట్టింగుల్లోకి వెళ్ళారు. ‘కుకీలన్నీ తుడిచివేయి’ అన్న చోట మౌసు పెట్టారు. “ఈ కుకీల వల్లేనండీ ఇదంతా! దెబ్బకి అన్నీ పీకేస్తాను, చూడండి!”

“ఆగండి!” అని గుమ్మంలోంచే అరిచింది జ్యోత్స్న. “నొక్కకండి వీరబ్రహ్మం గారూ! అది తుడిచేస్తే నేను లోపలికెలా వెళ్తానండీ? పాస్‌వర్డేంటో మీకు గుర్తుందా?”

ఆయన తల అడ్డంగా ఊపారు.

“కొత్తది పెట్టాలంటే ఓటీపీ నంబరు మా నాన్న ఫోనుకొస్తాది. ఆయన మొక్కల లోడుతో ఒరిస్సా ఎల్లారు. పొద్దున్నించీ ఫోను కలవట్లేదు. ఇప్పుడు లోపలికి దారంటూ ఉంటే ఆ కుకీ ఒక్కటేనండీ!”

విన్నారు కదా! వెబ్‌సైట్ మరిచిపోయింది, పాస్‌వర్డు పెట్టిన మనిషి మరిచిపోయాడు, తండ్రి అందుబాటులో లేడు. ఈ పిల్ల ఫలానా అని చెప్పగలిగినదాన్ని ఆ క్షణంలో నేనొక్కదాన్నే. వీరబ్రహ్మం గారు మౌసు మీద నుంచి చెయ్యి తీసి లేచి నిలబడ్డారు. జ్యోత్స్న ఆ కుర్చీలో కూర్చుంది.

“సంయుక్తది పక్క కంప్యూటర్లో తెరవండి. దాంట్లో నా కుకీ ఉండదు, తనదే వస్తాది” అంది. ఆయన బుద్ధిగా అలాగే చేశారు.

జ్యోత్స్న పేజీ తెరిచింది. ఎవరు మీరని వెబ్‌సైట్ అడిగింది. నిన్నా ఇవాళా చూపిన అంకెనే మళ్ళీ చూపించాను, కానీ ఇలా ప్రాణం పెట్టి ఎప్పుడూ చూపలేదు. తలుపు తెరుచుకుంది. మట్టి వేళ్ళతో సంయుక్తవి తీసేసి, తన ఆరు కాలేజీలూ నోట్లో అనుకుంటూ ఒక్కొక్కటే పెట్టింది. మొదటిది ఉద్యాన కాలేజీ. నాలుగూ నలభై ఎనిమిదికి ‘భద్రపరచబడింది’ అని వచ్చింది. ప్రింటు తీసి పేరు రెండుసార్లు చదువుకుంది. పక్కన సంయుక్తది కూడా అయిపోయింది. భాస్కర్రావు గారు మెత్తబడి, “ఏమనుకోకమ్మా, కంగారులో అరిచాను” అన్నారు.

అప్పుడు జ్యోత్స్న ఎవరూ చేయని పని చేసింది. సెట్టింగుల్లోకి వెళ్ళి, కుకీల జాబితాలో కౌన్సెలింగ్ వెబ్‌సైట్ పేరు వెతికి, నన్ను తెరిచి చూసింది. ఇన్ని లక్షల మంది మమ్మల్ని ఒప్పుకుంటారు, తిట్టుకుంటారు, తుడిచేస్తారు. చూసిన మనిషి మాత్రం ఈ పిల్లే.

“ఇంతేనా? ఒక్క వరుసా!” అంది ఆశ్చర్యంగా.

ఇంతే తల్లీ. ఈ ఒక్క వరుసే.

ఇప్పుడు ఆమె పేజీకి తిరిగివచ్చి మౌసును ‘బయటకు’ మీద పెట్టింది. వెనకనుంచి వీరబ్రహ్మం గారు, “మూసేస్తే చాలదామ్మా?” అన్నారు.

“చాలదండీ. నేనిక్కడే ఉన్నానని అది రేపొచ్చినోళ్ళకీ చెప్పేస్తాది. దానికి తెలిసింది అదొక్కటే, పాపం.”

పాపం అంది! మనుషుల నోట మా గురించి ఆ మాట విన్న కుకీ ఇంకొకటి ఉంటే చూపించండి.

ఇదంతా మీకు చెబుతున్నది ఆమె వేలు కిందికి దిగేలోపే. మా లెక్కలో అది చాలా పొడవైన సమయం. ఆమె అలా నొక్కగానే వెబ్‌సైట్ నా అంకెను కొట్టివేస్తుంది, ఇక నేను ఎవరికీ ఏ తలుపూ తీయలేను. ఇలా కూర్చుంటే ఇంకా ఇరవై తొమ్మిది రోజులు బతకవచ్చు. ఆ ఇరవై తొమ్మిది రోజుల్లో ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళను జ్యోత్స్న అంటూ ఉండాలి.

అసలైన జ్యోత్స్న నా ఎదురుగా కూర్చునుంది. నొక్కు తల్లీ.