ఎడంచేతి వాటం

నేను ఒక కోటుని. నల్లదాన్ని, రెండు గుండీలదాన్ని, కుడి డొక్కలో చిల్లున్నదాన్ని. అయ్యో పాపం అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది. విశాఖపట్నం ఉక్కలో కోటు వేసుకునేవాళ్ళు రెండే రకాలు: పెళ్ళికొడుకులు, చంకలో ఏదో దాచుకు తిరిగేవాళ్ళు. నా ఖర్మ కొద్దీ రెండో రకం వాడి పాలబడ్డాను.

నన్ను కుట్టింది పూర్ణా మార్కెట్ వెనక సందులో పైడిరాజు మాస్టారు. నలభై ఏళ్ళుగా కోట్లు తప్ప ఇంకేమీ కుట్టని మనిషి. ఆయనకో అలవాటు. కొలతలన్నీ తీసుకుని, టేపు మెడలో వేసుకుని, "బాబూ, తమరిది ఏ చేతివాటం?" అని అడుగుతారు. ఆ మాటకి దొంగతనం అనే అర్థం కూడా ఉంది కదా, సగంమంది ఉలిక్కిపడతారు. మాస్టారు ముసిముసిగా నవ్వుకుంటారు. ఆయన జీవితంలో ఉన్న సరదా అదొక్కటే.

నన్ను కుట్టించుకున్నవాడి పేరు దయానిధి. వృత్తి, కిరాయికి మనుషుల్ని చంపడం. కన్నవాళ్ళు ఏ ఆశతో ఆ పేరు పెట్టారో ఏమో! చేతివాటం అడిగితే వాడు ఉలిక్కిపడలేదు. "కుడి" అన్నాడు.

"కాదు బాబూ. ఎడం బుజం అరంగుళం ఎక్కువొచ్చింది. తమరు ఎడంచేత్తో ఏదో గట్టి పనే సేత్తారు" అన్నారు మాస్టారు, పిచ్చిమారాజు.

దయానిధి మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలో మాత్రం పోయింది. వాడు కుడిచేత్తో తింటాడు, కుడిచేత్తో రాస్తాడు. పిస్తోలు మాత్రం ఎడంచేత్తో తీస్తాడు. ఎదుటివాళ్ళు వాడి కుడిచేతినే చూస్తూ చచ్చారు. ఆ రహస్యం బతికున్నవాళ్ళలో ఎవరికీ తెలీదు. ఆరోజు నుంచి మా మాస్టారికి తెలుసు.

అప్పటికి మాత్రం వాడికి కోటు కావాలి. మగవాళ్ళ కోటుకి ఎడమ అంచు పైన ఉంటుంది, గుండీలు పెట్టుకున్నా కుడిచెయ్యి సులువుగా లోపలికి దూరుతుంది. మాస్టారు నాకు కుడి అంచు పైకి తెచ్చారు, ఎడంచేతికి దారి ఇచ్చారు. అలా ఆడవాళ్ళ కోట్లకే పెడతారు. నాకు కాస్త సిగ్గేసింది గాని, పని అద్భుతంగా కుదిరింది. కుట్టినాయన చేతికి దండం పెట్టాలి, వేసుకున్నవాడి చెయ్యి విరిచెయ్యాలి!

ఏడాదిపాటు వాడి చెమట భరించాను. ఎక్కడెక్కడికి వెళ్ళానో, ఏం చూశానో చెప్పను, మీరు అన్నం తినలేరు. ఒకరోజు నా పైగుండీ వదులైంది. అదే రోజు వాడు ఫోన్‌లో ఎవరితోనో అన్నాడు: "నా గుట్టు తెలిసినవాడు టైలరొక్కడే. రేపు గుండీ కుట్టించుకుని, వాడి పని కూడా చూసేస్తాను." విన్నారా? ముందు గుండీ, తర్వాత ప్రాణం. ఈ మనుషుల పొదుపు చూస్తే నాకు అసహ్యం వేస్తుంది.

పొద్దున్నే నన్ను దుకాణంలో పడేసి, మూడు గంటలకొస్తానని వెళ్ళాడు. నాకు నోరుంటే ఊరంతా వినబడేలా అరిచేదాన్ని. మాస్టారు పాపం గుండీకి కచ్చాదారం వేసి, తర్వాత గట్టిగా కుడదామని భోజనానికి లేచారు.

తిరిగొచ్చేసరికి కుర్చీలో ఇంకొకడున్నాడు. భానోజీ. వీడిదీ అదే వృత్తి. ఊళ్ళో పెద్ద హంతకుడెవడంటే జనం దయానిధి పేరు చెబుతున్నారని వీడికి కడుపుమంట. ఆ ఫోన్‌లో అవతలున్నవాడు డబ్బుకి ఆశపడి సంగతంతా వీడికి చెప్పేశాడు. పొద్దున వాణ్ణి వెంబడించి దుకాణం కనిపెట్టాడు, మూడు గంటల మాట గుమ్మం పక్కనుంచి విన్నాడు. వీధిలో కాల్చి పారేయొచ్చు, కానీ అలా చేస్తే అందం ఏముంటుంది? వీడికి చావులో కూడా స్టయిలు కావాలి!

"వాడు మూడింటికి నిన్ను చంపడానికొస్తున్నాడు ముసలోడా" అన్నాడు. "ముందు వాణ్ణి నేను చంపుతాను. నా మొహం చూశావు గనక తర్వాత నువ్వు. ఆ కోటు ఇలా తే. వాడి కోట్లోనే నిలబడి వాణ్ణి పంపిస్తా."

ఎడమ చంకలో పిస్తోలు వేలాడుతుండగానే వాడు నన్ను తొడుక్కున్నాడు. వాడి అత్తరు వాసనకి నాకు వాంతొచ్చినంత పనైంది. గుండీ పెట్టుకోబోయాడు, వేళ్ళు తడబడ్డాయి.

"ఉండండి బాబూ" అన్నారు మాస్టారు ముందుకొచ్చి. "ట్రైలప్పుడు గుండీలు టైలరే ఎట్టాలి."

ఆ వేళ్ళు నాకు పుట్టినప్పటినుంచి తెలుసు. సూదిలో దారం ఎక్కించేటప్పుడైనా వణుకుతాయి గాని అప్పుడు వణకలేదు. రెండు గుండీలూ పెట్టి, వాడి భుజం పట్టి అద్దం వైపు తిప్పారు. అద్దంలో ఎడమ కుడౌతుంది కదా. నా తప్పుడు అంచు అందులో ఒప్పుగా కనబడింది. భానోజీ జుట్టు సవరించుకుని, "వాడికన్నా నాకే బాగుంది" అన్నాడు. గాడిద!

సరిగ్గా మూడింటికి దయానిధి గుమ్మంలో కనబడ్డాడు. తన కోటులో ఇంకొకణ్ణి చూసి ఒక్క క్షణం నోరు తెరిచాడు.

భానోజీ కుడిచెయ్యి ఎడమ చంకకి లేచింది. అక్కడ దారి లేదు! పైనున్న నా కుడి అంచు మీద వేళ్ళు జారాయి. మళ్ళీ దూర్చబోయాడు. ఒక్క అంగుళం కూడా దారివ్వలేదు నేను. దయానిధి ఎడంచెయ్యి నడుం దగ్గర్నుంచి లేచింది. నా డొక్కలో చిల్లు పడింది, భానోజీ నేల మీద పడ్డాడు.

"మంచి కోటు కుట్టావు మాస్టారూ" అని దయానిధి ఆయన వైపు తిరిగాడు. పిస్తోలు కూడా తిరిగింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. దేవుడా, అప్పుడు నేను పడిన బాధ!

కింద భానోజీకి ఇంకా ఊపిరుంది. పళ్ళు బిగించి నా అంచు లాగాడు. పైగుండీది కచ్చాదారమే కదా, ఆ లాగుకి పుటుక్కున తెగింది. చెయ్యి లోపలికెళ్ళింది. అంతవరకూ అడ్డుపడినదాన్ని, అప్పుడు మాత్రం మనస్ఫూర్తిగా దారిచ్చాను. పిస్తోలు పేలింది, దయానిధి గుమ్మానికి అడ్డంగా కూలాడు. కాసేపటికి ఇద్దరూ కదలడం మానేశారు. నేను ఒక్కరికోసం కూడా ఏడవలేదు.

ఎస్సైగారు వచ్చి, నన్ను భానోజీ ఒంటిమీంచి తీయించి అడిగారు: "ఈ కోటు నువ్వే కుట్టావా?"

అవునంటే ఈ ఇద్దరి తాలూకు మనుషులూ పగతో మాస్టారి ఇంటికొస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా సరే, నేను కుట్టిందే అని ఆయన అంటే బాగుండునని నా వెర్రి మనసుకి అనిపించింది.

"నాను కుట్టింది కాదు బాబూ. రిపేరుకొచ్చింది" అన్నారు మాస్టారు. "ఆడోళ్ళ కోటది. గుండీలు ఏ పక్కనున్నాయో సూడండి."

ఎస్సైగారు చూశారు. మొహం వెలిగిపోయింది. ఓహో, ఇద్దరూ ఒక ఆడదానికోసం కొట్టుకున్నారన్నమాట! గబగబా కాగితం మీద రాసేసుకున్నారు. నన్ను మడతపెట్టి ఆయనకి అందించేటప్పుడు మాస్టారి బొటనవేలు ఊడిన గుండీ చోట ఆగింది. తెగిన దారం కొసని అలవాటుగా లోపలికి దోపి, వెంటనే చెయ్యి తీసేసుకున్నారు.

ఇప్పుడు నేను స్టేషన్ వెనక గదిలో, తుప్పు పట్టిన కత్తుల పక్కన ఉన్నాను. నా మెడకో చీటీ: "ఆడవారి కోటు, నలుపు, ఒకటి." కుట్టినాయనే కాదనేశారన్న కష్టం ఇప్పటికీ ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి? రెండేళ్ళుగా పోలీసులు ఆ లేని ఆవిడకోసం వెతుకుతూనే ఉన్నారు. వెతకనివ్వండి. ఆవిడ దొరకనన్నాళ్ళూ మా మాస్టారు పొద్దున్నే దుకాణం తలుపు తీసి, మెడలో టేపు వేసుకుని, ఎవరినో ఒకరిని చేతివాటం అడుగుతూనే ఉంటారు.