రెండుచోట్ల కోసిన చాపం

నేను ఒక వృత్తలేఖినిని. పుస్తకాల్లో తప్ప నన్నెవరూ అలా పిలవరు, కంపాస్ అంటారు. ఏదో కార్ఖానాలో రేకు వంచి, ఒక కాలికి ముల్లు బిగించి, డబ్బాలో పడుకోబెట్టారు. జనగామలో హారిక అనే అమ్మాయి కోసం కొన్నారు. రెండేళ్లు ఆమె నాతో బెంచీ మీద పేరు చెక్కింది, సపోటాలు పండాయో లేదో పొడిచి చూసింది. వృత్తాలు గీసింది తక్కువే. పదో తరగతి పాసవగానే నన్ను అటకెక్కించింది.

దించింది వాళ్లమ్మ స్వరూప. పన్నెండేళ్లుగా అంగన్‌వాడీలో ఆయా. పది పాసైతే అక్కడే టీచరు పోస్టుకు అర్జీ పెట్టుకోవచ్చని ఓపెన్ స్కూల్లో చేరింది. అన్నీ గట్టెక్కాయి గానీ లెక్కలు రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే పోస్టు వేరొకరికి పోతుంది.

సర్వసమాన త్రిభుజాల దగ్గరే చిక్కంతా. నిరూపణ చివర 'భు.భు.కో. నియమం ప్రకారం' అని రాసేది. హారిక కొట్టేసేది.

"భు.కో.భు. ఉన్నది గని, భు.భు.కో. లేదమ్మా."

"రెండు భుజాలు, ఒక కోణం సమానమే గద బిడ్డా. కోణం నడుమ లేకుంటే ఏమైతది?"

"నాకేం ఎరుక? లేదంటే లేదు. సారు చెప్పిండు."

నాకు నవ్వొచ్చింది. లెక్కల్లో తొంభై తెచ్చుకున్న పిల్ల జవాబు అది. స్వరూప మాత్రం ఊరుకోలేదు. మర్నాడు అంగన్‌వాడీకి తాళం వేసొచ్చి, నలభై డిగ్రీల కోణం గీసింది. పై గీత మీద ఏడు సెంటీమీటర్లు కొలిచి, నన్ను అయిదుకు తెరిచి, ఆ చివర ముల్లు గుచ్చి తిప్పింది. కాలు వదులైనా ఊపిరి బిగబట్టి తిరిగాను. నా చాపం అడుగు గీతను రెండుచోట్ల కోసింది. అవే కొలతలు, అదే కోణం. త్రిభుజాలు మాత్రం రెండొచ్చాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

హారిక స్కేలు తెచ్చి రెండు త్రిభుజాలనూ కొలిచి చూసింది. "ఇది మాకెవరూ చూపియ్యలేదమ్మా," అంది.

రెండేళ్లు హారిక చేతిలో తిరిగాను గానీ, స్వరూప చేతికే దండం పెట్టాలనిపించింది. ఈసారి పరీక్షలో ఆమెకు లెక్కల్లో నలభై మూడొచ్చాయి. పోస్టూ వచ్చింది.

ఇప్పుడు నేను ఆమె టేబులు సొరుగులో ఉంటాను. తుప్పు పట్టాను, అయినా పిల్లలకు సున్నాలు గీసిపెడతాను. మొన్న ఓ నాలుగేళ్ల పిల్ల అడిగింది, "గుండ్రంగనే ఎందుకొస్తది టీచర్?" అని.

వస్తుందంటే వస్తుందని స్వరూప అనలేదు. ముల్లు తను పట్టుకుని, పెన్సిలు కాలు ఆ పిల్ల చేతికిచ్చింది.