వంటింట్లో ఎండ

"ఇగ ఎండ కోసం ఎక్కడికీ పోవద్దు. వంటింట్లనే ఎండ" అంటూ మా ఆయన ఇమ్మాన్యుయేల్ స్టూలెక్కి కొత్త బల్బు బిగించాడు. నేను కింద స్టూలు పట్టుకుని, పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని అటే చూస్తున్నాను.

నిజాంపేటలో మా వంటింటి కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడే. పగలు కూడా లైటు వేసుకునే వండుతాను. అక్కణ్నుంచి హైటెక్ సిటీలో ఆఫీసుకు. అక్కడ కిటికీ పక్క సీట్లన్నీ మేనేజర్లవి. సాయంత్రం మళ్లీ ఇదే పొయ్యి. ఒళ్లంతా నొప్పులని వెళ్తే డాక్టర్ శ్రీలత విటమిన్ డి బాగా తక్కువుందని చెప్పి, మాత్రలు రాసి, రోజూ పొద్దున కాసేపు ఎండలో కూర్చోమంది. "మరి టిఫిన్ ఎవరు చెయ్యాలె?" అన్నాడు ఇమ్మాన్యుయేల్. కోపంతో కాదు, నిజంగానే అర్థంకాక. ఆ తర్వాతే సూర్యకాంతితో సమానమని అట్టపెట్టె మీద రాసున్న ఈ బల్బు తెప్పించాడు.

వెలుగు బాగుంది, కాదనను. కొత్తిమీర పచ్చదనం తెలుస్తోంది, నా ముంజేతి మీద నూనె చిట్లిన మచ్చలూ తెలుస్తున్నాయి. ప్రేమతోనే తెచ్చాడు. కానీ నన్ను బయటికి పంపడం కంటే సూర్యుణ్ణి పొయ్యి దగ్గరికి తేవడమే సులువనిపించిందా ఈ మనిషికి?

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టర్‌ని ఈ బల్బు గురించి అడిగాను. "రంగులు ఎండలో కనిపించినట్టే కనిపిస్తాయి. కానీ ఒంట్లో విటమిన్ తయారుచేసే కిరణం అలాంటి బల్బుల్లో ఉండదండీ. కిటికీ అద్దం కూడా దాన్ని ఆపేస్తుంది. బయటికి వెళ్లాల్సిందే" అంది.

శనివారం ఎండెక్కాక, స్టవ్ వెలిగించకుండా టెర్రస్ మీదికి వెళ్లాను. నీళ్ల ట్యాంకు పక్కన గట్టు మీద కూర్చున్నాను. వీపు మెల్లగా వేడెక్కింది. ఎందుకో ఏడుపొచ్చింది.

కాసేపటికి మా అత్తగారు మరియమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఈడున్నవా కరుణా? వాడు టిఫిన్ అడుగుతుండు."

"పిండి ఫ్రిజ్‌లో ఉంది అత్తమ్మా. ఇగ నేను రోజూ ఈ టైంకు ఇక్కడే ఉంట."

ఆమె మోకాళ్లు పట్టుకుని నా పక్కన కూలబడింది. చీర కాస్త పైకి లాక్కుని కాళ్లు ఎండలోకి చాపింది.

"నాకు గూడ ఎన్నో ఏండ్ల సంది గివే నొప్పులు బిడ్డా. ఎవ్వలకు చెప్పలే."

ఫోన్ మోగింది. ఇమ్మాన్యుయేల్. నేను ఎత్తేలోపే అత్తమ్మ అందుకుంది.

"పెనం మంచిగ కాలినంక ఎయ్యి కొడుకా" అంది. "మా ఇద్దరికి గూడ ఎయ్యి."