ఆసరా లేకుండా నిలబడ్డారు

సార్జంటు నడుము విరిగింది సైన్యం పనిలోనే. లారీలోంచి గుండ్ల పెట్టెలు దించుతుంటే ఒకటి మీద పడింది. అయినా వైకల్య పింఛను అడిగితే, వైద్య పరీక్షైనా చేయించకుండా దరఖాస్తు తిప్పికొట్టారు. అప్పీలు చేస్తే ఏడాదికి పరీక్షకు పిలుపొచ్చింది. పింఛను వస్తే, దుకాణం గేటు దగ్గర రోజూ ఎనిమిది గంటలు నిలబడే కాపలా ఉద్యోగం మానేయొచ్చు. ఆయన ఆశంతా అదే.

"ఇంట్లో ఎలా నడుస్తారో అక్కడా అలాగే నడవండి. మీ బడాయి అక్కడ చూపించకండి," అని భార్య మరీమరీ చెప్పి పంపింది.

డాక్టరు కాగితాలు తిరగేసి కుర్చీలోంచి లేచాడు. "మీది ఆ దళమా? నేనూ అందులోనే చేశానయ్యా, ఆరేళ్లు!" అని చెయ్యి కలిపాడు. టీ తెప్పించాడు. క్యాంపు వంటవాడి మాడు రొట్టెలు తలుచుకుని ఇద్దరూ పడీపడీ నవ్వారు. నొప్పి గురించి డాక్టరు అడగలేదు. అంత ఆప్యాయత మధ్య ఆ సంగతి ఎత్తడం సార్జంటుకు మర్యాద అనిపించలేదు. వెర్రిబాగులవాడు!

చివర్లో డాక్టరు ఆయన చేతికర్ర అందుకుని గోడకు ఆనించాడు. "ఏదీ, ఒక్కసారి మన పద్ధతిలో నిలబడు, చూస్తాను."

సార్జంటు పళ్లు బిగపట్టి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. డాక్టరు కళ్లు చెమర్చాయి కూడా.

ఇంటికొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. అయినా మొహం వెలిగిపోతూనే ఉంది. "మనవాడేనే. ఇక దిగుల్లేదు," అన్నాడు.

మూడు వారాలకు నివేదికా, దాంతోపాటే తీర్పూ వచ్చాయి. భార్య పైకి చదివింది. "ఆసరా లేకుండా నిలబడ్డారు. సెల్యూట్ చేయగలిగారు. నొప్పి ఉన్నట్టు చెప్పలేదు. అప్పీలు తిరస్కరించడమైనది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అలా అయింది. పరాయివాడెవడో కుదరదంటే సరిపెట్టుకోవచ్చు. తోటివాడే తడిగుడ్డతో గొంతు కోస్తే ఎవరితో చెప్పుకోవాలి? సార్జంటుకు కోపం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది.

"నే చెప్పానా లేదా?" అనబోయిన భార్య, ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఇంకో అప్పీలుకు నెల్లాళ్లు గడువుంది. కలం, కాగితం తెచ్చుకుని కూర్చుంది.

"ఏం రాయమంటారు?"

ఆయన ఆ నివేదిక మడిచి పక్కన పెట్టాడు.

"పొద్దున్నే స్నానాలగదికి ఎలా వెళ్తానో, అది రాయి."

ఆమె తలెత్తింది. కూతురికి కూడా చెప్పొద్దని ఆయన ఒట్టు వేయించుకున్న సంగతి అది. "అదెందుకండీ? పదిమందీ చదువుతారు."

"చదవనీ. నడుము పట్టు వదిలేదాకా చేతుల మీద పాక్కుంటూ వెళ్తానని రాయి. నువ్వు లేపి కూర్చోబెడతావని కూడా రాయి."