కాటా ఎక్కి చెప్పుకున్న దారి

పొద్దున లేవగానే డెల్మీరాకు మూడు పనులు. పెరట్లో కర్రకు కట్టిన గాలిసంచి ఎటు ఊగుతోందో చూడటం, పై ఊళ్ళో మేకలు మేపుకునే చిన్నాన్నకు ఫోన్ చెయ్యటం, కాటా పళ్ళెం మీద పేరుకున్న మంచు తుడవటం. ఈ మూడూ అయ్యాకే టీ లాంటి మాతే ఆకులోకి నీళ్ళు కాచుకుంటుంది. పదకొండేళ్ళుగా ఇదే వరస. ఊకో లోయలో ద్రాక్షతోటల మీద జనాన్ని హెలికాప్టర్‌లో తిప్పి చూపించేది తమ్ముడు లౌతారో, ఆ తిప్పటానికి కావలసిన లెక్కలన్నీ వేసేది అక్క. "వాడికి రెక్కలున్నాయి, బుర్ర మాత్రం నా దగ్గరుంది" అంటుంది వాడి ఎదురుగానే. వాడు నవ్వి ఊరుకుంటాడు. ఊరుకోక ఏం చేస్తాడు, ఆవిడ లెక్క ఇంతవరకూ ఒక్కసారి తప్పలేదు.

అది ఆగస్టు నెల, శనివారం. చిన్నాన్న ఫోన్లో గొట్టంతో మాతే పీలుస్తూ, "అమ్మాయ్, మేకలన్నీ కొండకి వీపు పెట్టి నిలబడ్డాయి. మధ్యాహ్నానికల్లా జోండా దిగుతుంది" అన్నాడు.

జోండా అంటే కొండ అవతల నుంచి దొర్లుకుంటూ వచ్చే వేడిగాలి. అది దిగిందంటే ఆ లోయలో పొయ్యి వెలిగించరు, బడి నడపరు, మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోరు. హెలికాప్టర్ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

"పదింటికి ఎగిరి పదకొండింటికి దిగిపోతే?" అంది డెల్మీరా.

"పదకొండున్నర దాకా పూచీ నాది. ఆ తర్వాత దేవుడిది."

పోనీ వాయిదా వేద్దామా అంటే కుదిరే ప్రయాణం కాదు. సెనోన్ ఒకే తోటలో యాభై ఒక్క ఏళ్ళు ద్రాక్షకొమ్మలు కత్తిరించిన మనిషి. గురువారం ఆఖరి సాలు ముగించి కత్తెర అప్పగించేశాడు. సోమవారం ట్రాక్టర్లు వచ్చి ఆ పాత తీగల్ని వేళ్ళతో సహా పీకేస్తాయి, కొత్త రకం నాటుతారు. బహుమానంగా ఏం కావాలని తోటవాళ్ళు అడిగితే, "ఇన్నేళ్ళూ వంగుని చూశాను. ఒక్కసారి పైనుంచి చూడాలి" అన్నాడట. ఆదివారం ఎలాగూ జోండా ఉంటుంది. ఎగిరితే ఈ పూటే ఎగరాలి.

ఇక కాటా సంగతి. ఆ లోయలో పసిపిల్లలకు కూడా తెలుసు, చావు దగ్గరపడిన మనిషి కాటా మీద సగమవుతాడు. మంచాన పడ్డవాడైనా, దుక్కలాంటి వాడైనా ఒకటే లెక్క. అందుకే బస్టాండులో కాటా ఉంటుంది, బడి గుమ్మంలో ఉంటుంది, మంగలి కొట్లో సరేసరి. ప్రయాణం కట్టినవాళ్ళు కాటా ఎక్కి, ఎటు పోతున్నదీ ఎప్పుడు పోతున్నదీ పైకి చెప్పుకుంటారు. ముల్లు సగానికి పడితే దారి మార్చుకుంటారు, వేళ మార్చుకుంటారు. ముల్లు లేస్తే బయల్దేరతారు. ఎంత మార్చినా లేవకపోతే ఇంటికి పోతారు. అలాంటివాణ్ణి ఏ డ్రైవరూ బండి ఎక్కనివ్వడు. కుర్చీలో కూలేసి, మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, చుట్టాలంతా చుట్టూ చేరి ముందుగానే ఏడుస్తారు. అదొక మర్యాద అక్కడ.

డెల్మీరా పెరట్లో ఉన్నది మూతపడిన సహకార సంఘం కాటా. ఒకప్పుడు ద్రాక్షగంపలు తూచింది. ముల్లు ఎర్రగా, చెయ్యంత పొడుగున ఉంటుంది.

తొమ్మిది కాకముందే సెనోన్ పాత ట్రక్కులో దిగాడు, వెంట భార్య అసుంతా. ఆయన మందపాటి ఉన్ని పొంచో కప్పుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. ఆవిడ చేతిలో ఎంపనాదాల గిన్నె, అంటే మాంసం కూరిన కజ్జికాయలు, నోట్లో తిట్లు.

"చూశావటే డెల్మీరా, పెళ్ళాన్ని నేల మీద వదిలేసి ఆకాశానికి పోతున్నాడు ఈ మహానుభావుడు."

"నేనేం చెయ్యను పిన్నీ. ఈ ఎత్తులో మనుషుల బరువు మొత్తం రెండొందల ముప్పై కిలోలు దాటితే యంత్రం లేవదు. తమ్ముడు ఎనభై రెండు, బాబాయ్ అరవై ఎనిమిది, నువ్వేమో..."

"నూట ఎనిమిది. సిగ్గెందుకు, తిన్నదే కదా. అయినా నేను కిటికీ తెర తగిలించటానికి కుర్చీ ఎక్కాలన్నా వణుకుతాను. నాకెందుకమ్మా ఆ ఊరేగింపు." అంది కానీ, హెలికాప్టర్ వైపు రెండుసార్లు చూసింది.

డెల్మీరా సొరబుర్రలో మాతే కలిపి సెనోన్‌కి ఇచ్చింది. ఒక్క విడత తాగి "థాంక్స్" అన్నాడాయన. అక్కడ ఆ మాట అంటే ఇక వద్దని. సెనోన్ అంటే కెటిల్ ఖాళీ అయ్యేదాకా కూర్చునే రకం. డెల్మీరాకు కాస్త వింతగానే తోచింది కానీ, గాలి తొందర మీద ఉండి పట్టించుకోలేదు.

సెనోన్ కాటా ఎక్కాడు. "పదింటికి లౌతారోతో వెళ్ళి, తోట మీదుగా, కనుమ గుండా మంచు దాకా పోయి, పదకొండింటికి వస్తాను" అని చెప్పుకున్నాడు. ముల్లు అరవై ఎనిమిది దగ్గర నిలబడింది. డెల్మీరా రాసుకుంది.

లౌతారో నారింజ వలుచుకుంటూ వచ్చి, అవే మాటలు గబగబా గొణిగి ఎక్కాడు. నలభై ఒకటి.

వాడు దిగి, పళ్ళెం కింద రాయేమైనా ఇరుక్కుందేమో చూసి, మళ్ళీ ఎక్కాడు. నలభై ఒకటే. నారింజ తొనలు జేబులో వేసుకున్నాడు.

తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు, డెల్మీరా తొమ్మిదేళ్ళ పిల్ల. వాణ్ణి తనే పెంచింది. భయం వేసినప్పుడల్లా ఆవిడ కోప్పడుతుంది, అప్పుడూ అదే చేసింది. "అలా గుడ్లప్పగించి నిలబడతావేం? కనుమ తీసెయ్. కనుమ లేకుండా చెప్పు."

"పదింటికి బాబాయ్‌తో వెళ్ళి, తోట మీదే తిరిగి వస్తాను."

నలభై ఒకటి.

"తొమ్మిదిన్నరకి చెప్పు."

నలభై ఒకటి.

"ఇంధనం సగమే పోసుకుని, ఇరవై నిమిషాల్లో దిగుతానని చెప్పు."

వాడు చెప్పాడు. ముల్లు కదల్లేదు. వాడి మొహం పాలిపోతోంది. "అసలు ఎగరనని చెప్పనా అక్కా?" అన్నాడు మెల్లిగా.

"చెప్పు."

"ఇవాళ నేను ఎగరను."

ముల్లు జర్రున ఎనభై రెండుకు లేచింది. అసుంతా శిలువ గుర్తు వేసుకుంది.

అంటే ప్రమాదం ఎగరటంలోనే ఉందన్నమాట. యంత్రం మీద అనుమానం పడి లౌతారో చొక్కా చేతులు మడిచి నిచ్చెన ఎక్కాడు. రెక్కలు చూశాడు, బోల్టులు చూశాడు, నూనె గొట్టాలు వేలితో తడిమాడు. ముప్పావు గంట గడిచింది. ఏ లోపమూ లేదు. మళ్ళీ కాటా ఎక్కాడు, మళ్ళీ నలభై ఒకటి. గాలిసంచి ఒకసారి ఊగి పడిపోయింది. పదవుతోంది.

"వద్దులేవయ్యా, మానుకుందాం. ఈ అబ్బాయి ప్రాణం మీదికి తెస్తామా" అంది అసుంతా మొగుడితో. సెనోన్ నేల చూస్తూ నిలబడ్డాడు.

డెల్మీరా ఆయన్నే చూస్తోంది. బుర్రలో ఏదో గీరుకుంటోంది. "తమ్ముడూ, ఒంటరిగా వెళతానని చెప్పు" అంది.

"పదింటికి నేనొక్కణ్ణే వెళ్ళి వస్తాను."

ఎనభై రెండు.

అప్పుడు తెలిసిందావిడకి, పదకొండేళ్ళలో మొదటిసారి తన లెక్క తప్పిందని. ఒకే యంత్రంలో ఇద్దరు ఎక్కుతారు, ఒకడు చస్తాడు, రెండోవాడు నిండు బరువుతో ఉంటాడు. పడితే ఇద్దరూ పడాలి కదా.

"బాబాయ్, ఆ పొంచో తీసి ఎక్కు."

"చలిగా ఉందమ్మాయ్."

"తియ్యి బాబాయ్."

"డెబ్భై ఏళ్ళు దాటిన మనిషిని బట్టలూడదీస్తావా? ఇదేం మర్యాద?" సెనోన్ గొంతు పెంచాడు. యాభై ఏళ్ళలో ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. వెనక్కి అడుగు వెయ్యబోయి బల్లకు తగులుకున్నాడు. పొంచో అంచున కుట్టు తెగి, కోడిగుడ్డంత రాయి ఒకటి జారి, దొర్లుకుంటూ పోయి లౌతారో బూటుకి తగిలి ఆగింది.

వాడు వంగి తీశాడు. ఏటి రాయి, నున్నగా ఉంది. మరొకటి దొర్లింది. తీగలు కట్టే పురికొసతో కుట్టిన కుట్టు అది, తెగటం మొదలైతే ఆగదు.

సెనోన్ బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటే తీసి పెట్టాడు. పొంచో అస్తరులోంచి, నడుముకు కట్టిన సంచిలోంచి, బూట్లలోంచి. ముప్పై నాలుగు కిలోల రాళ్ళు. ఇంత బరువు ఎలా మోశావని ఎవరూ అడగలేదు. సగమైన మనిషికి అవి వేసుకుంటేనే కదా మామూలు బరువు.

"బుధవారం మంగలి కొట్లో చూసుకున్నాను" అన్నాడు తల వంచుకుని. "అక్కడ ఎవరూ లేరు. ఎక్కడికీ పోనని చెప్పాను, పడుకునే ఉంటానని చెప్పాను, సూపు తాగనని కూడా చెప్పాను. లేవలేదు. తెలిస్తే మీరు ఎక్కించుకోరు. కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పుతారు. ఆ ఏడుపులు వింటూ పోవటం నాకిష్టం లేదు. తప్పు చేశాను లౌతారో. నీకు ముప్పని తెలిస్తే చేసేవాణ్ణి కాదు."

లౌతారో రాయిని అరచేతిలో తిప్పుతూ హెలికాప్టర్ వైపు చూశాడు. "గాల్లో ఉండగా ఒక్కటి జారి నా కాలి పెడల్ కిందికి పోతే చాలు" అన్నాడు. రాళ్ళన్నీ బల్ల మీదే ఉండగా వెళ్ళి కాటా ఎక్కాడు. "సెనోన్ బాబాయ్‌ని తీసుకుని, తోట దాకా వెళ్ళి, పదకొండింటికి వస్తాను."

ఎనభై రెండు.

డెల్మీరా కళ్ళు తుడుచుకుంది. వెంటనే ముసలాయన మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ వెనకే జాలి వచ్చింది.

ముందు నోరు విప్పింది అసుంతా. "బుధవారమా" అంది. "బుధవారం నుంచీ మంచం నా వైపుకే ఒరుగుతోంది. రాత్రంతా నా మీదికి దొర్లుతున్నాడు. నేనే ఇంకా లావెక్కానేమోనని రొట్టె మానేశాను. మూడు రోజులుగా రొట్టె మానేశానయ్యా, నీకు నోరు రాలేదూ?"

"నీకు చెబితే ఏడుస్తావు."

"ఏడుస్తాను. ఏడవకపోతే ఇంకెందుకు నేను?" ఎంపనాదాల గిన్నె బల్ల మీద పెట్టి ఆయన పక్కన కూర్చుంది. బల్ల అటు వాలింది.

పది దాటి పది నిమిషాలైంది. సగమైన మనిషిని ఎక్కించుకోవాలా వద్దా అన్నది నడిపేవాడి ఇష్టం, లౌతారో ఏదో చెప్పబోయాడు. డెల్మీరా చేత్తో ఆపింది. పెన్సిలు తీసి కాగితం మీద గీకుతోంది. ఎనభై రెండు, ముప్పై నాలుగు. దాని కింద మరో అంకె వేసి కూడింది. మళ్ళీ కూడింది.

"పిన్నీ, కాటా ఎక్కు."

"నేనెందుకే?"

"రెండొందల ఇరవై నాలుగు అవుతోంది. నువ్వూ ఇముడుతావు."

అసుంతా కాసేపు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక మొహం అదోలా అయింది. భర్త వైపు చూడకుండా లేచి, చెప్పులు విప్పి, గుడిలోకి వెళ్ళినట్టు కాటా ఎక్కింది. "మా ఆయనతో వెళతాను" అంది. వేళ చెప్పలేదు, దారి చెప్పలేదు. ముల్లు నూట ఎనిమిది దగ్గర బండలా నిలబడింది. లౌతారో కూడా ముగ్గురి పేర్లూ చెప్పి మరోసారి ఎక్కాడు. నిండుగా ఉంది.

"నా ముల్లు బాగుంది. బాబాయ్‌ని నేను ఎక్కించుకుంటా" అన్నాడు వాడు. "పద, గాలొస్తుంది."

పదీ ఇరవైకి హెలికాప్టర్ లేచింది. డెల్మీరా వాకీ-టాకీ చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు గాలిసంచి మీదే పెట్టింది. ముల్లు నిండుగా ఉండటం వేరు, వాడు నేల మీద ఉండటం వేరు.

మొదట అసుంతా కేకలే వినపడ్డాయి, పడిపోతున్నానంటూ. తర్వాత సెనోన్ గొంతు. "అదిగో కాలవ గట్టు. అది మొన్న ముగించిన ముక్క. చూడు, పాపిడి తీసినట్టు లేదూ? ఆ వంకర సాలు నాదే. మన పెళ్ళైన వారం నాటింది. నిద్ర చాలక అలా పోయింది." అసుంతా సిగ్గులేదా ముసలాడా అని తిట్టింది. ఆయన నవ్వాడు. తీగల పేర్లు చెబుతూ పోయాడు, ఏ ఏడు వడగళ్ళు పడ్డాయో, ఏ మూల పుట్టలున్నాయో, ఏ వరసలో కూర్చుని ఆవిడ పంపిన అన్నం తినేవాడో. అసుంతా ఊఁ కొడుతోంది.

పదిన్నర దాటింది. పదీ నలభై అయింది. గాలిసంచి మెల్లిగా తూర్పుకు తిరిగి, కాస్త ఉబ్బి, మళ్ళీ వేలాడింది. చాలాసేపటి నుంచి ఊఁ కొట్టటం కూడా వినపడటం లేదని డెల్మీరా అప్పుడు గమనించింది.

"అక్కా" అన్నాడు లౌతారో. గొంతు తగ్గించి పిలిచాడు. "బాబాయ్..."

"సరే" అంది డెల్మీరా.

"దించెయ్యనా?"

ఆవిడ జవాబిచ్చేలోగా అసుంతా అందుకుంది. ఏడుస్తోంది కానీ మాట తడబడలేదు. "ఇంకా టైముందా డెల్మీరా?"

డెల్మీరా గాలిసంచి చూసింది. కొండ చూసింది. "పదిహేను నిమిషాలుంది పిన్నీ."

"అయితే దించొద్దను. మళ్ళీ ఒక్కసారి తిప్పమను, మొదట్నుంచి. నేనేమీ చూడలేదే. ఇందాకంతా నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను."

లౌతారో హెలికాప్టర్‌ని ఆవిడ కూర్చున్న వైపుకి వంచి, కాలవ గట్టు మీదుగా వెనక్కి తిప్పాడు.