మొండయ్య రొమ్ములో సాంచా

ఆ పొద్దున మొండయ్య ఇస్త్రీ అంగీ తొడుక్కున్నాడు, విప్పాడు, మళ్లీ తొడుక్కున్నాడు. కోర్టుకు పోవాలి. లోపల సాంచా దడదడలాడుతుంటే పక్కింటి భాగీరథి గోడ తట్టి, జర మెల్లగా ఆడించుకోమంది.

ఆయన రొమ్ములో సాంచా ఆడుతుందని సూరత్‌లోని గోడాదరా బస్తీ అంతా ఎరుగుదురు. ముప్పై ఏళ్లు సాంచాల, అంటే మరమగ్గాల నడుమ నిలబడ్డ మనిషి, ఒకటి లోపలికొచ్చి కూర్చుంది, అంతే. లాక్‌డౌన్‌లో కార్ఖానాలు మూతపడి, చప్పుడు లేక నిద్రపట్టని పసిపిల్లల్ని తల్లులు తెచ్చి ఆయన పక్కనే పడుకోబెట్టేవాళ్లు.

కేసు దొంగతనం. లాక్‌డౌన్‌లో కార్ఖానా యజమాని ముసలి సేఠ్ ఒక తాకా, నిండు చుట్ట బట్ట చేతిలో పెట్టి, వాడకట్టుకు మాస్కులు కుట్టించమన్నాడు. రెండో వేవ్‌లో సేఠ్ పోయాడు. ఆ తాకా మొండయ్య ఎత్తుకుపోయాడని సేఠ్ కొడుకు ఫిర్యాదు చేశాడు. ఇచ్చినప్పుడు చూసినవాళ్లు లేరు. దొంగన్న పేరు పడితే ఉధ్నాలో ఏ కార్ఖానా గడపా తొక్కనివ్వరు. ఈ వయసులో ఇంకో పని ఎక్కడ నేర్చుకుంటాడు పాపం?

జడ్జి రాగానే లేవాలని, ఫోన్ బంద్ చేయాలని, పిలిస్తేనే మాట్లాడాలని బిడ్డ హారతి వారం నుంచి చెవినిల్లు కట్టుకుని చెప్పింది. కరోనా రోజులు, కేసున్నవాళ్లనే లోపలికి పంపుతున్నారు. గేటు దగ్గర తండ్రి చేయి పట్టుకుని ఆఖరి మాట చెప్పింది.

"ఇనబడకుంటే మల్ల అడుగు బాపు. ఊకె హా జీ అనకు."

సాంచోళ్ల రోగమే అది. ఆ మోతలో చెవులు ఎప్పుడో పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకుంటారు, దొరక్కపోతే అవునన్నట్టు హా జీ అని గండం గట్టెక్కుతారు. ఇక్కడేమో ఎవరి మూతి చూసినా గుడ్డే! వరండాలో మొండయ్య కూర్చున్నాడు, లేచాడు, మూడుసార్లు నీళ్లు తాగాడు.

పేరు పిలిచారు. బోనెక్కాడు. జడ్జి ఏదో అడిగాడు. మొండయ్యకు కనుబొమ్మలు కదలడమే కనిపించింది. హారతి మాట గుర్తుంది, కానీ ముప్పై ఏళ్ల అలవాటు దానికన్నా ముందు ఉరికింది.

"హా జీ సాబ్."

రొమ్ములో సాంచా టక్కున ఆగిపోయింది.

గదిలో తలలన్నీ బోను వైపు తిరిగాయి. జడ్జి సూరత్‌లోనే పుట్టిపెరిగినవాడు. పోగు తెగితేనే సాంచా ఆగుతుందని ఆయనకు ఒకరు చెప్పాలా? రాయొద్దని గుమాస్తాను ఆపి, మాస్కు కిందికి లాగి, నేరం ఒప్పుకుంటున్నావా అని మెల్లగా మళ్లీ అడిగాడు. ఇందాక దేనికి హా జీ అన్నాడో అప్పుడు తెలిసింది మొండయ్యకు.

"లేదు సాబ్. పెద్ద సేఠే నా చేతుల పెట్టిండు. మందికి మాస్కులు కుట్టియ్యమన్నడు."

సాంచా మళ్లీ అందుకుంది. ఏ రోజు ఇచ్చాడో, ఏమన్నాడో, ఎవరెవరికి పంచాడో మొత్తం చెప్పాడు. ఎక్కడా ఒక్క పోగు తెగలేదు. సాంచాల మధ్యే పెరిగిన చిన్న సేఠ్ తల వంచుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత లేచి, ఫిర్యాదు వాపస్ తీసుకుంటానన్నాడు.

జడ్జి మాస్కు పైకి లాక్కుని, కాగితం మీద ఏదో రాసి, మొండయ్యను చూసి ఒక మాటన్నాడు. మొండయ్య తల ఊగబోయింది. ఆపుకున్నాడు.

"ఇనబడలే సాబ్. మల్లొకసారి చెప్పుండ్రి."

జడ్జి మాస్కు తీసి, ఇంటికి పొమ్మన్నాడు.