ఫోటోలు లేని ఉత్తరాలు

ఆదివారం పొద్దున్నే మా ఊళ్లో ఇద్దరం గుట్టెక్కుతాం. పుల్లమ్మక్క ఇప్పపూల కోసం, నేను సిగ్నల్ కోసం. రెండూ దొరికేది ఆ ఇప్పచెట్ల కిందే. తెల్లారేసరికి పూలు రాలి ఉంటాయి, నా ఫోన్లో చైతన్య న్యూస్‌లెటర్ వచ్చి ఉంటుంది. అమ్మ అడిగితే ఆఫీసు పని అంటాను. భద్రాచలంలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదానికి ఆదివారం గుట్ట మీద ఆఫీసేంటని ఆవిడ ఇంకా అడగలేదు.

"ఏం పిల్లా, మీ బస్సు పిలగాడు ఈ వారం ఏడికి పోయిండు?" గంప దించుతూనే అడిగింది పుల్లమ్మక్క.

"ఆగక్కా, ఇంకా తెరుచుకోలే."

"మనూరికి ఎప్పుడొస్తడంట?"

"అది మాత్రం రాయడు."

ఆ న్యూస్‌లెటర్ పేరు 'ఆఖరి స్టాప్'. చైతన్య వారానికోసారి ఏదో ఒక బస్సెక్కి, అది ఎక్కడ తిరిగి వెనక్కొస్తుందో అక్కడ దిగి, చూసింది రాస్తాడు. టీ కొట్టు, డ్రైవర్ పడుకునే అరుగు, దిగాక ఎటు పోవాలో తెలియక నిలబడ్డ పెద్దావిడ. నేను చదువుతుంటే పుల్లమ్మక్క పూలేరుతూ వింటుంది. మధ్యలో మాత్రం ఊరుకోదు. "అన్నం ఏడ తిన్నడో రాయడేంది?" అని ప్రతివారం కోప్పడుతుంది.

మా ఊరు కూడా ఆఖరి స్టాపే. భద్రాచలం నుంచి వచ్చే బస్సు పర్ణశాల దాటి మా ఊళ్లోనే వెనక్కి తిరుగుతుంది. తర్వాత అడవే. అందుకే ప్రతి ఉత్తరాన్నీ ఈసారైనా మా బస్సెక్కాడేమో అని తెరుస్తాను. నా పేరు కోసం సెర్చ్ కూడా చేస్తాను. 'లిఖిత' అని కొడితే ఏమీ దొరకలేదని యాప్ మర్యాదగా చెబుతుంది.

చైతన్యది బోనకల్. ఖమ్మంలో ఇంజినీరింగ్ చదివినప్పుడు మాది ఒకే కాలేజీ బస్సు. రైలు దిగి స్టేషన్ దగ్గరే, నాకంటే ముందు ఎక్కేవాడు కాబట్టి నీలం బ్యాగు పెట్టి నాకు కిటికీ సీటు ఆపేవాడు. నేను ఎక్కగానే బ్యాగు తీసేవాడు.

"గాలంతా నువ్వే తాగుతున్నవ్, కొంచెం ఇటు గూడ రానీయ్," అనేవాడు.

"కిటికీ ఎవరిది?"

"సీటు ఆపింది ఎవరు?"

చదువు అయ్యాక ఇద్దరికీ హైదరాబాద్‌లో ఉద్యోగాలొచ్చాయి. "కలిసి పోదామా?" అన్నాడు. ఉద్యోగం గురించి మాత్రమే అడగలేదని ఇద్దరికీ తెలుసు. ఆలోచించి చెప్తానన్నాను. అతను వెళ్లాడు, నేను ఇక్కడే ఉండిపోయాను. ఆ ఆలోచన ఇంకా కంపైల్ అవుతూనే ఉంది.

న్యూస్‌లెటర్ మొదలుపెట్టాడని ఎవరో చెబితే నా అసలు మెయిల్‌తోనే చేరాను. అంతవరకు ధైర్యం చేశాను. ఆ తర్వాత తెలివి అడ్డొచ్చింది. ఇలాంటి ఉత్తరాల్లో కంటికి కనబడని ఒక చుక్కంత బొమ్మ ఉంటుంది. అది లోడ్ అయితే ఫలానా మనిషి తెరిచిందని పంపినవాడికి తెలిసిపోతుంది. ఆత్రంగా చదువుతున్నానని అతనికి తెలియడమెందుకు? యాప్‌లో ఫోటోలు రాకుండా ఆపేశాను. అప్పటినుంచి ప్రతి ఉత్తరం చివర ఒక బూడిదరంగు డబ్బా మాత్రమే కనబడుతుంది. ఏ టీ కొట్టు ఫోటోయో అనుకుని పట్టించుకోలేదు.

ఈ ఆదివారం ఉత్తరం పొట్టిగా ఉంది.

"చాలామంది తెరవడం లేదు," అని రాశాడు. "తలుపు తీయని ఇంటి ముందు నిలబడి పిలుస్తున్నట్టుంది. సాయంత్రం లిస్టులోంచి వాళ్ల పేర్లు తీసేస్తాను. ఉండాలనుకుంటే కింద బటన్ నొక్కండి."

కింద బటన్ లేదు. రెండు బూడిదరంగు డబ్బాలున్నాయి.

"ఏమైంది? ఆగినవేంది?" అంది పుల్లమ్మక్క.

"నన్ను తీసేస్తడంట."

"ఎందుకు?"

"నేను చదవట్లేదంట."

ఆమె నడుం నిటారు చేసి నన్ను చూసింది. "నువ్వా? వారం వారం నా చెవులు తింటున్నవ్ గదా. ఆయనకు తెల్వదా?"

"తెల్వకుండ నేనే చేసిన."

"సదువుకున్నోళ్లు గిట్ల గూడ చేస్తరా?" అని మళ్లీ వంగింది.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోటోలు ఆన్ చేశాను. సిగ్నల్ ఒక గీత మీద ఊగుతోంది. ముందుగా ఫోటో వచ్చింది, పైనుంచి కిందికి మెల్లగా. బస్సు కిటికీ. దాని పక్క సీట్లో నోరు తెరిచి నిద్రపోతున్న ఒక పెద్దాయన. ఆయన కాళ్ల దగ్గర నీలం బ్యాగు.

ఈ ఫోటో ఎందుకు పెట్టాడో అర్థం కాలేదు. పోయినవారం ఉత్తరం తెరిచాను. వేరే బస్సు, వేరే కిటికీ. సీట్లో మనిషి లేడు, నీలం బ్యాగు ఉంది. అంతకుముందు వారంది తెరిచాను. మళ్లీ బ్యాగే. వానకి తడిసిన కిటికీ, అద్దం పగిలిన కిటికీ, పత్తి లారీ అడ్డొచ్చిన కిటికీ. అన్నీ పక్కసీట్లోంచి తీసినవే. మొదటి ఉత్తరం దాకా వెళ్లాను. ప్రతి బస్సులోనూ కిటికీ సీటు ఆపాడు. నేనేమో మాటల్లో నా పేరు వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు ఒక్కో ఉత్తరం తెరుచుకుంటుంటే, అటు చైతన్య స్క్రీన్ మీద నా పేరు పక్కన ఒక్కోటీ నమోదవుతూ ఉంటుంది. ఇన్నాళ్లూ దాచుకున్న చదువంతా ఒక్క పొద్దులో బయటపడుతోంది. సిగ్గేసింది. ఆపలేదు. సగంలో ఆగిన ఫోటోలని మళ్లీ లోడ్ చేశాను.

తర్వాత ఈ వారం ఉత్తరానికే వచ్చాను. ఆ పెద్దాయన ఇంకా నిద్రపోతున్నాడు. తప్పు ఆయనది కాదు. చైతన్య మాత్రం ఎన్నాళ్లని బ్యాగు పెట్టి ఆపుతాడు?

రెండో డబ్బా ఉన్నచోట ఇప్పుడు బటన్ కనబడింది, నొక్కాను. "ఉన్నందుకు థాంక్స్" అని వచ్చింది. అది అందరికీ ఒకేలా వచ్చేదే, అతను రాసింది కాదు. రిప్లై తెరిచి, చెరిపి, మళ్లీ టైప్ చేశాను.

"మా ఊరు చేరేసరికి బస్సులో సీట్లన్నీ ఖాళీయే. బ్యాగు పెట్టక్కర్లేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన మాత్రం నేను."

వెళ్లింది.

"ఏం రాసినవ్?"

"రమ్మన్న అక్కా."

"ఇప్పుడెందుకే! పూలైపోయినంక రమ్మనకపోతివి. ఇప్పుడొస్తే మాట్లాడనీకి ఎవరికి తీరుతది? గంపలు మొయ్యాలె."

"ఆయనతోనే మోయిద్దాం."

"ఏం పని చేస్తడు?"

"ఇంజినీర్."

"అయితే మోసినట్టే," అంది, నవ్వుతూ.

కింద బస్సు హారన్ వినిపించింది. చెట్ల సందులోంచి చూశాను. ఇద్దరు దిగారు, ఇద్దరూ మా ఊరివాళ్లే. ఇంత జల్దీగా ఎలా వస్తాడని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా బస్సు తిరిగి వెళ్లేదాకా చూశాను.

పుల్లమ్మక్క గంప నిండింది. "దిగుదామా?" అంది.

"నువ్వు పద అక్కా."

ఆమె నన్నూ ఫోన్నీ చూసి, నడుముకి చుట్టుకున్న పాత చీర ముక్క విప్పి నా ముందు పరిచింది. "ఊకనే కూసోకు. ఆ చివరి చెట్టు కింద ఏరలే. ఏరు."

ఫోన్ని బండ మీద, స్క్రీన్ పైకి కనబడేలా పెట్టాను. సిగ్నల్ ఒక గీత ఉంది. పూలేరడం మొదలుపెట్టాను.